ధనుర్మాసంలో ఆకాశపు పెళ్ళి

ఆ వార్త నాకు మొదట తెచ్చింది మా వీధికి పూలు తెచ్చే ఆమె. డిసెంబరు మొదటి వారంలో ఒక ఉదయం గుమ్మం ముందు బుట్ట దించి, కాకడా పూలు మూర కొలుస్తూ, నా వైపు వంగి గొంతు తగ్గించింది. "అక్కా, మన వాళ్ళిద్దరికీ పెండ్లంట. ఈ నెలలోనే."

నేను గబుక్కున వెనక్కి తిరిగి ఇంట్లోకి చూశాను. ఎందుకంటే మా ఇంట్లో నిజంగానే ఒక పెళ్ళి మాట నడుస్తోంది, అది మా అత్తకు తెలియకూడదు. మా ఆయన చెల్లెలు చింతామణిలో సర్కారీ బడి టీచరు. నలభై ఒకటి నిండాయి. సంబంధాలు చూసీ చూసీ అందరూ ఊరుకున్నాక, తనే ఒక మాస్టరును చూసుకుంది. ఆయనది బాగేపల్లి, ఉద్యోగం రాయచూరు వైపు. మొదటి భార్య పోయి ఏడేళ్ళయింది. నెమ్మదైన మనిషి. భార్యాభర్తలిద్దరూ సర్కారీ నౌకరిలో ఉంటే ఒకే జిల్లాకు వర్గావణె, అంటే బదిలీ, అడగవచ్చు. దానికి పెళ్ళి సర్టిఫికెట్టు కావాలి, అర్జీకి గడువు డిసెంబరు ఆఖరు. అందుకని ఇద్దరూ నవంబరు చివర, కర్ణాటకలోని మా చిక్కబళ్ళాపురం రిజిస్ట్రారు ఆఫీసులో, నెల ముందే ఇవ్వాల్సిన పెళ్ళి నోటీసు ఇచ్చేశారు. నాకూ మా ఆయనకూ తప్ప ఎవరికీ చెప్పలేదు.

పూలామెకు ఎలా తెలిసిందా అని నేను బిత్తరపోయి చూస్తుంటే, "అదేక్కా, స్పానరు పట్టుకోని తిరుగుతాడు చూడు, వానికీ దారి చెప్పే ఆయమ్మకీ" అంది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఆమె చెబుతున్నది సీరియల్ సంగతి.

ఆ సీరియల్ గురించి చెప్పాలి. పన్నెండేళ్ళుగా వస్తోంది. ఎక్కడో విదేశాల్లో తీసి తెలుగులో మాట్లాడించినది. ఒక పెద్ద ఓడ నక్షత్రాల మధ్య పోతూనే ఉంటుంది. అందులో దారి లెక్కలు వేసే ఒక అమ్మాయి, యంత్రాలు బాగుచేసే ఒకడు. పన్నెండేళ్ళూ వాళ్ళిద్దరూ కొట్లాడుకున్నారు. మా అత్తకు వాళ్ళ పేర్లు నోరు తిరగవు. ఆమె లెక్కలో వాళ్ళు దారి చెప్పే పిల్ల, స్పానరు పిల్లోడు. ఆ పిల్లోడికి ఇప్పుడు కణతల దగ్గర నెరిసింది, అయినా పిల్లోడే. ఏటా క్రిస్మస్ సెలవులకు గంటన్నర పండుగ భాగం ఒకటి వేస్తారు. ఆ ఏడు అందులో వాళ్ళ పెళ్ళి.

మా అత్తకు ధనుర్మాసం అంటే ఎంత పట్టింపో తెలియాలంటే మా ఫ్రిజ్జు సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట మా ఆయన తెలియక ఆ నెలలో ఫ్రిజ్జు తెచ్చాడు. సంక్రాంతి దాకా అది వరండాలో అట్టపెట్టెలోనే ఉంది. వచ్చిన చుట్టాలు దానిమీద టవళ్ళు వేసుకుని, చెంబులు పెట్టుకుని, అల్మారా అనుకుని వెళ్ళిపోయారు. ఆ నెలలో మా ఇంట్లో కొత్త గరిటె కూడా పొయ్యి ఎక్కదు. అది చెడ్డ నెల కాదనీ, నెలంతా స్వామిదే కాబట్టి మన పనులు పక్కన పెడతామనీ మా నాయన చెప్పేవాడు. ఆయనే నాకు మా పుట్టినూరు కెంచార్లహళ్ళిలో ఇంటి అరుగు మీద అక్షరాలు దిద్దించాడు. బడి మొహం చూడని నేను ఈరోజు ఇది రాస్తున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే. అయితే మా అత్తకు ఈ వివరాలతో పనిలేదు. ఆమెకు చెయ్యకూడదంటే చెయ్యకూడదు, అంతే.

అలాంటి మనిషికి, మీ కూతురు ధనుర్మాసంలో, మంత్రం లేకుండా, సంతకం పెట్టి పెళ్ళి చేసుకుంటోందని చెప్పేదెవరు? మా ఆయన నా మీద పెట్టాడు. నేను మా ఆడబిడ్డ మీద పెట్టాను. తను దేవుడి మీద పెట్టింది. పెండ్లికి అమ్మ రాకపోతే ఎట్ల వదినా అని మాత్రం ఫోన్లో రోజూ అడిగేది. తిట్టినా పరవాలేదంట, వచ్చి పక్కన నిలబడితే చాలంట. తెల్లారి దీపం పెట్టి, "స్వామీ, నోరు నువ్వే ఇయ్యి" అని దండం పెట్టుకోవడమే నా వంతు.

పండుగ భాగం వచ్చిన ఆదివారం మధ్యాహ్నం అందరం టీవీ ముందు చేరాం. ఆడబిడ్డ చింతామణి నుంచి వచ్చింది. పూలామె బుట్టతో సహా వచ్చి గోడకు ఆనుకుని మాల కడుతూ కూర్చుంది. పెళ్ళి మొదలైంది. చుట్టూ నక్షత్రాలు, మధ్యలో ఇద్దరు, ముందు ఓడ పెద్ద ఒక కాగితం పట్టుకుని చదువుతున్నాడు.

"ఇప్పుడు ఏం నెల?" అంది మా అత్త.

మా ఆయన కాఫీ గ్లాసు అందుకున్నాడు. పూలామె ఒక్కతే, "ధనుర్మాసం కదవ్వా" అంది.

"అదే అడుగుతాండా. వీళ్ళకు పెద్దోళ్ళు ఎవరూ లేరా చెప్పేదానికి?"

మా ఆడబిడ్డ ఊరుకుని ఉండాల్సింది. ఉండలేకపోయింది. "నెల పోతే మళ్ళా వస్తాదిమా. ఓడ పోతే వస్తాదా? వానికి వేరే ఓడకు ఆర్డరు వచ్చింది. ఇప్పుడు చేసుకోకపోతే ఇద్దరూ ఇంగ కలిసేది లేదు."

మా అత్త తెర మీద నుంచి చూపు తిప్పకుండా, "ఆకాశంలో కూడా వర్గావణె ఉండాదా?" అంది.

మా ఆయనకు కాఫీ పొలమారింది. నేను నీళ్ళు తెచ్చే నెపంతో లేచి వంటింట్లోకి పోయాను. ఆడబిడ్డ టీవీ శబ్దం పెంచింది. పూలామె మాత్రం ఉంటాది కదవ్వా, సర్కారీ ఓడ అయినాక, అని సమాధానం చెప్పి దారం కొరుక్కుంది.

ఫోన్లో ఆ సీరియల్ కింద, చూసినవాళ్ళు తమ అభిప్రాయాలు రాసే చోటు ఒకటి ఉంది. సీరియల్ కంటే మా అత్తకు అవే ఇష్టం. ఫోన్లో అక్షరాలు ఆమెకు కనపడవు కాబట్టి ప్రతిసారీ నేను చదివి వినిపిస్తాను, ఆమె తీర్పు చెబుతుంది. ఆ సాయంత్రం చిక్కుడుకాయలు వలుస్తూ చదివాను. పన్నెండేళ్ళ పోట్లాటను గంటన్నరలో తేల్చేశారు, పోట్లాటే బాగుండేది అని ఒకాయన రాశాడు. పెళ్ళయితే పోట్లాట ఎక్కడికి పోతుంది, ఈయప్పకు ఇంకా పెళ్ళయినట్టు లేదు అంది మా అత్త. పెళ్ళికూతురి బట్టలు దుప్పటి చుట్టినట్టు ఉన్నాయని ఇంకొకరు. నిజమే అంది. ఓడలో ఇంత పెద్ద వంటగది ఉందని అయిదో ఏడు చూపించారు, మరి పెళ్ళి భోజనం ఏదీ అని ఒకామె నిలదీసింది. ఆమె మీద మా అత్తకు గౌరవం కలిగింది. ఏ ఊరామెనో కనుక్కోమంది.

తర్వాత, మనమూ రాద్దాం, రాయమ్మా అంది. ఆమె చెప్పినట్టే రాశాను. ధనుర్మాసంలో పెళ్ళి చేయకూడదు, ఇది తెలిసినవాళ్ళు చేసే పని కాదు, ఇట్లు ఒక పెద్దామె.

తెల్లారేసరికి దాని కింద జాతర చేరింది. బాగా చెప్పారమ్మా అని కొందరు, అచ్చం మా అత్త మాట్లాడినట్టే ఉందని ఒక కోడలు. ఒకాయన మాత్రం మర్యాదగా లెక్క తీశాడు. ఆ ఓడ మన సూర్యుణ్ణి దాటి ఆరేళ్ళయిందనీ, సూర్యుడే లేనిచోట ధనుర్మాసం ఎక్కడి నుంచి వస్తుందనీ అడిగాడు. మా అత్త దీన్ని ఊరికే వదల్లేదు. గుడిలో పొంగలి ప్రసాదం తీసుకుంటూ అయ్యవారినే అడిగింది. ఆయన దొన్నె పట్టుకునే కాసేపు ఆలోచించి, సూర్యుడు ధనూరాశిలో ఉంటేనే ధనుర్మాసమమ్మా, ఆ ఓడ వాళ్ళకు పంచాంగం రాయాలంటే నా వల్ల కాదు, వాళ్ళు ఎప్పుడు చేసుకున్నా దోషం చెప్పలేను అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. మాట తీయడానికి ఇదే సమయం అనుకున్నాను. ఇంటికి నడుస్తూ, అయితే అత్తా, దోషం లేదన్నమాట అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"వాళ్ళకు లేదు. మనం సూర్యుని కిందనే ఉండాము" అంది మా అత్త. నేను దొన్నెలో పొంగలి చూసుకుంటూ నడిచాను.

బుధవారం రిజిస్ట్రేషను. సోమవారం సాయంత్రానికి కూడా మేం అత్తకు చెప్పలేదు. ఆడబిడ్డ సెలవు పెట్టి వచ్చి, ఏడ్చిన మొహంతో, అల్మారాలో చీరలు సర్దినవే సర్దుతోంది. ఏం చేయాలో తోచక నేను ఫోను తీసి, చిక్కుడుకాయలు వలుస్తున్న మా అత్తకు మిగిలిన అభిప్రాయాలు చదవసాగాను. చివర్లో ఎవరో రెండు ముక్కలు రాశారు. ఓడ దాకా రాలేని పెళ్ళికూతురి తల్లి ఎక్కడో వేరే లోకంలో తెర ముందు కూర్చుని చూసింది, పూలు ఆ తెర మీదికే వేసింది, అవి ఆమె ఒళ్ళోనే పడ్డాయి, అది చూడలేకపోయాను అని.

"ఇంగొకసారి చదువు" అంది మా అత్త.

చదివాను. ఆమె చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టి, లోపలి గదికి వినపడేలా అంది.

"ఆయమ్మకు దూరం. ఎన్ని నక్షత్రాలు దాటి రావల్లో ఏమో, రాలేకపోయింది. నాకు రిజిస్ట్రారాఫీసు ఎంత దూరమమ్మా? ఆటోలో పది నిమిషాలు."

గదిలో చీరల చప్పుడు ఆగిపోయింది.

"ఆఫీసు గోడకు మీ ఇద్దరి పేర్లు అంటించినారంట కదా. ఈ ఊర్లో గోడలు చదివేటోళ్ళు లేరనుకున్నారా? నెలగా చూస్తాండా, ఎవరు నోరు తెరుస్తారా అని. సీరియల్ని అడ్డం పెట్టుకోని ముగ్గురూ ఆడినారు."

ఆడబిడ్డ బయటికి వచ్చి తల్లి పక్కన కూలబడింది. కాళ్ళు పట్టుకోబోతే మా అత్త విడిపించుకుని, చేతికి చిక్కుడుకాయలు ఇచ్చింది. ఊరికే ఏడ్చేదానికంటే ఇవి వలువు అంది. ఇద్దరూ వలిచారు. నేను దేవుడి గదిలోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. అడిగిన నోరు స్వామి నాకు ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే మంచిదయింది.

మా అత్త షరతులు పెట్టింది. అది సంతకం మాత్రమే, పెళ్ళి కాదు. తాళి మాఘమాసంలో, గూళూరులోని మా ఇలవేల్పు గుడిలో. అందాకా కూతురు తన ఇంట్లో, అల్లుడు తన ఇంట్లో. పసుపూ అక్షింతలూ ఆఫీసుకు తీసుకురాకూడదు. అన్నిటికీ ఒప్పుకున్నారు. ఆ సమయంలో ఆమె నక్షత్రం తెమ్మన్నా ఒప్పుకునేవారే.

బుధవారం ఉదయం ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని అందరికంటే ముందు ఆటో ఎక్కింది. రాత్రంతా బస్సులో వచ్చిన మాస్టరు ఆఫీసు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. వంగి కాళ్ళకు మొక్కాడు. మా అత్త తలనుంచి కాళ్ళదాకా చూసి, "ఏమప్పా, నీ ఓడ యాడ నిలిపినావు?" అంది. పాపం, ఆయన ఆ సీరియల్ ఎన్నడూ చూడలేదు. బస్టాండులోనే దిగి నడిచి వచ్చినానమ్మా అని వినయంగా చెప్పాడు. మా ఆడబిడ్డ ఆ నెలలో మొదటిసారి నవ్వింది.

సాక్షులు ముగ్గురు కావాలన్నారు. మా ఆయన, నేను. మూడో సంతకానికి మాస్టరు స్నేహితుడు ముందుకు వస్తుంటే, మా అత్త అతణ్ణి పక్కకు జరిపి కుర్చీలో కూర్చుంది. పెన్ను పట్టుకుంది. పెదవులు కదిలాయి. ఏమి చెప్పుకుందో నాకు తెలియదు, అడగను కూడా. తర్వాత తెలుగులో, ఒక్కొక్క అక్షరమే, గీత దాటకుండా రాసింది. రాసిన చేతిని కూతురి తల మీద పెట్టింది. అక్షింతలు లేవు, చేయి మాత్రమే.

మాఘంలో తాళి కట్టారు. అర్జీ గడువులోపలే వెళ్ళింది. వర్గావణె పట్టీ, అంటే బదిలీల జాబితా, మాత్రం ఇంకా రాలేదు. మాస్టరు రాయచూరు నుంచి పదిహేను రోజులకొకసారి వచ్చి పోతున్నాడు. వాళ్ళిద్దరూ ఓపికగానే ఉన్నారు. నిమ్మళంగా ఉండలేనిది మా అత్త. పట్టీ ఆలస్యమైన ప్రతిసారీ, ఆ నెలలో సంతకం పెట్టినందుకేనేమో, తప్పు తనదేనేమో అని ఆమె అనుకుంటుంది. నోటితో అనదు. మా దేవుడి గదిలో రోజూ పెట్టే రెండు దీపాల పక్కన మూడోది ఒకటి వెలుగుతోంది. ఎందుకని అడిగితే, నూనె మిగిలిందమ్మా అంటుంది.

స్వామికి తెలియదా, నియమం ఆమె ఎందుకు దాటిందో. అయినా ఒక్క గొంతు కంటే పది గొంతులు మేలని నా ఆశ. ఇది చదివిన మీరు సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఆమెను ఒక్కసారి తలచుకోండి. పేరు నేను చెప్పలేదు, అవసరం లేదు. చిక్కబళ్ళాపురంలో కూతురి పక్కన సంతకం పెట్టిన తల్లి అంటే చాలు, ఆయనకు తెలుస్తుంది.