నేను కలిపిన ఏరు

1994. మద్రాసులో, చూలై పేటలో మాది చిన్న డ్రాఫ్టింగ్ షాపు. అంబత్తూరు కంపెనీల మెషిన్ డ్రాయింగులే మాకు తిండి పెట్టేవి. డ్రాయింగు మీద ట్రేసింగ్ పేపరు పరిచి, కింద కనిపించే గీతలను సిరాతో ఎక్కించడం నా పని. గీత మధ్యలో తెగితే మా గురువు వేళ్ల మీద స్కేలుతో కొట్టేవాడు. మొదట అది భయం, ఆనక గర్వం. నా చేతిలో గీత తెగదని అందరికీ చెప్పుకునేవాణ్ణి.

ఆ ఏడు సుగుణ అని పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఒక మ్యాపు తెచ్చింది. నెల్లూరు వాళ్లు. హిమాలయాల్లో గ్లేసియర్ నుంచి, అంటే మెల్లగా జారే మంచుగడ్డ నుంచి, పుట్టే ఒక చిన్న ఏటి వెంట రెండు వేసవులు నడిచి పెన్సిల్‌తో గీసుకున్నది. ఏరు లోయలో మెలికలు తిరిగి ఒక రాళ్ల గుట్ట దగ్గర ఆగింది. గుట్ట అవతల మళ్లీ మొదలైంది. మధ్యలో బొటనవేలంత ఖాళీ.

పెన్సిలు చెరిగిపోయిందనుకున్నాను. అడగాలని కూడా తోచలేదు, అంత పొగరు. ఆమె కాగితం మీదే పెన్సిల్‌తో కలిపేసి, ఆ తర్వాత సిరా ఎక్కించాను.

మూడు నెలలకు ఆమె ఆ కాగితం పట్టుకొని వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"అన్నా, ఆ గుట్టని గ్లేసియరే తెచ్చి పోసింది. ఏరు ఆడ రాళ్ల కిందికి దూరి అవతల తేలతాది. నా థీసిస్ అంతా అదే. మ్యాపులో పైనే పారతా ఉండాదే, ఏది నిజమని వైవాలో అడిగినారు. ఒరిజినల్ చూపిద్దామని తీస్తే ఇందులోనూ కలిసుండాది. మళ్లీ పోయి చూసి రమ్మని డిగ్రీ ఆపేసినారు. ఇది నేనే గీసినానా?"

నేనే కలిపానని రెండు ముక్కలు రాసిచ్చి ఉంటే సరిపోయేది. షాపు పరువు పోతుందనుకున్నాను.

"మీరిచ్చింది అట్లే ఉండిందిమా," అన్నాను.

"సరేన్నా. అలసటలో నేనే గీసేసుంటా," అంది. ఆమెకు నా మీద అనుమానం కూడా రాలేదు. సిగ్గుతో ఆ పూట అన్నం తినలేకపోయాను.

మరుసటి వేసవి ఆమె మళ్లీ ఆ లోయంతా నడిచింది. చలికి చెక్కిళ్లు పగిలి, కొత్త మ్యాపుతో నా దగ్గరికే వచ్చింది. ఈసారి ఖాళీ చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి ఉంది.

"ఇదేందిమా?"

"నా చెయ్యినే నేను నమ్మలేకపోతా ఉండానన్నా. అందుకే."

అప్పుడైనా చెప్పాల్సింది. సిరా ఎక్కించి, ఆ ఖాళీని ఖాళీగానే వదిలి మ్యాపు చేతికిచ్చాను. డిగ్రీ వచ్చిందని మిఠాయి కూడా తెచ్చిపెట్టింది.

తెగిన గీత కనిపిస్తే ఇప్పుడు అడగందే పెన్ను ఆనించను. ఆ మాత్రం నేర్చుకున్నాను. ఆమె చేతిలో తప్పేమీ లేదని ఆమెకు చెప్పడం మాత్రం ఇవాళ్టికీ చేతకాలేదు.