సాయంత్రపు దాణా

నేను రిటైరైన రోజు శాలువా కప్పి, స్వీటు చేతిలో పెట్టి, "ఇంక ఇంట్లో ఏం చేస్తారండీ మేడమ్?" అని అడిగారు. "మా గుర్రాన్ని చూసుకుంటా" అన్నాను. అందరూ నవ్వారు. రేపల్లెలో ఒక ఆసుపత్రి మందుల కిటికీ వెనక అన్నేళ్ళు కూర్చున్న మనిషికి, తెనాలిలో ఇంటి వెనక పాకలో ఒక గుర్రం ఉందని వాళ్ళలో చాలామందికి తెలియదు. నేనూ చెప్పలేదు. నేను అంత కలుపుగోలు మనిషిని కాదు.

గుర్రం మా ఆయనది. మా మామగారు జట్కా తోలేవారు. జట్కాలకు కాలం చెల్లాక మా ఆయన ఈ తెల్ల ఆడగుర్రాన్ని కొని పెళ్ళికొడుకులను ఊరేగించేవారు. ఆయన పోయేసరికి దానికి వయసు మళ్ళింది, కళ్ళలో పొర కమ్ముతోంది. పెళ్ళివాళ్ళు కూడా పూలు కట్టిన కార్లకు మళ్ళారు. అమ్మెయ్యమని చెప్పినవాళ్ళే అందరూ. కొనేవాడు దాన్ని ఏం చేసుకుంటాడో ఒక్కరూ ఆలోచించలేదు. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని పక్కింటావిడ దెప్పింది. దాణా నా జీతంలోంచి పోతోంది, నీ పుట్టింటి నుంచి రావడం లేదు అని అనేశాను. ఆ తర్వాత చాలా రోజులు మా మధ్య మాటల్లేవు.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ దాని పనులన్నీ రేపల్లె రైలును పట్టుకునే ఉండేవి. తెల్లవారకముందే లేచి లద్దె ఎత్తి, పాక ఊడ్చి, తొట్టి నింపి, గడ్డి వేసి, ఒళ్ళు రుద్ది స్టేషనుకు పరిగెత్తేదాన్ని. పగలంతా అది ఒంటరిగా ఉండేది. సాయంత్రం నేను వచ్చాక ఉడికించిన ఉలవలు, తవుడు కలిపి దాణా పెట్టేదాన్ని. ఇదేం పెంపకం, ఖైదు వేసినట్టు ఉంది అని నాకే అనిపించేది. రిటైరయ్యాక దీనికి బాకీ అంతా తీర్చాలి అనుకునేదాన్ని.

తీర్చడం మొదలుపెట్టాను. ఎండెక్కాక నీళ్ళు పోశాను. మధ్యాహ్నం కూడా ఇంత గడ్డి వేశాను. పగ్గం పట్టుకుని కాలవగట్టు మీద నడిపించాను. పిల్లిపెసర దొరికిన రోజుల్లో మోపు తెచ్చి నా చేత్తో తినిపించాను. దాని కళ్ళకు నేను కనబడనని తెలిసీ, పాకలో కుర్చీ వేసుకుని ఊళ్ళో కబుర్లన్నీ చెప్పాను. మా ఆయన బతికుండగా ఆయనకు కూడా అన్ని కబుర్లు చెప్పి ఎరగను.

వారం తిరగకుండానే అది సాయంత్రపు దాణా మానేసింది.

పగలు వేసిన గడ్డి కాస్త కొరికేది. పొద్దువాలితే చాలు, గేటు వైపు తిరిగి చెవులు నిక్కించి నిలబడేది. తట్ట మూతి దగ్గర పెట్టినా తల తిప్పేది కాదు. చీకటి పడేదాకా అలాగే ఉండి, తర్వాత తల వాల్చేసేది. పొద్దున చూస్తే ఉలవలు పులిసి ఉండేవి. బెల్లం కలిపాను, బతిమాలాను, తిట్టాను. పశువుల డాక్టరు వచ్చి నోట్లో చెయ్యి పెట్టి చూసి, పళ్ళు బాగానే ఉన్నాయన్నాడు. "ముసలిదైంది కదండీ, అంతే" అన్నాడు. ముసలితనానికి మందు లేదని నాకు ఆయన చెప్పాలా? పక్కటెముకలు బయటపడ్డాయి. దాన్ని చంపుతున్నది నా సేవేనేమో అని భయం పట్టుకుంది.

అప్పుడే ఆసుపత్రిలో నాతో పనిచేసిన ఒకామె కూతురి పెళ్ళని రేపల్లె వెళ్ళాను. సాయంత్రం రైలు దిగి, చేతిసంచితో మా సందు మలుపు తిరిగానో లేదో, లోపలి నుంచి సకిలింపు వినబడింది. రిటైరయ్యాక దాని సకిలింపు వినడం అదే మొదటిసారి. గేటు తీసేసరికి కాలితో నేల గీరుతోంది. చీర కూడా మార్చుకోకుండా దాణా పెట్టాను. తట్ట అడుగు నాకేసింది.

అప్పుడు అర్థమైంది. పగలంతా పక్కన తిరిగే మనిషి దానికి ఎవరో. సాయంత్రం చెప్పుల చప్పుడుతో గేటు తీసుకుని వచ్చే మనిషే నేను. నేను ఇంట్లో కూర్చుని ఉంటే, అది నాకోసం ఎదురుచూసి చూసి అన్నం మానేస్తోంది.

చెబితే నవ్వుతారు గానీ, ఆ రాత్రి నాకు నిద్రపట్టనంత సంతోషం కలిగింది. మాకు పిల్లలు లేరు. మా ఆయన మంచివారే కానీ, నేను ఇంటికి ఎప్పుడొచ్చానో ఎప్పుడు వెళ్ళానో పట్టించుకున్న మనిషి కాదు. ఈ లోకంలో నా రాక కోసం ఒక ప్రాణి తిండి మానుకుని నిలబడుతుందంటే, ఇంక నాకేం కావాలి?

మళ్ళీ రైలెక్కడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం దాటాక ఇస్త్రీ చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని బయల్దేరేదాన్ని. ఒక్కోరోజు జంపనిలో, ఒక్కోరోజు వేమూరులో దిగి, స్టేషను బెంచీ మీద కూర్చుని, తిరుగు రైలెక్కి వచ్చేదాన్ని. డబ్బాలో ఏమీ ఉండేది కాదు. పాత తోటి ప్రయాణికురాలు ఒకామె, "ఏంటండీ, మళ్ళీ డ్యూటీలో చేరారా?" అని అడిగింది. "అవునమ్మా, రమ్మని ఒకటే గొడవ" అన్నాను. అబద్ధమని కూడా అనిపించలేదు. రోజూ సాయంత్రం సందు మలుపులో సకిలింపు, గేటు దగ్గర కాలి గీరుడు, ఖాళీ తట్ట. దాని పక్కటెముకలు మెల్లగా పూడాయి.

చలికాలంలో నాకు జ్వరం తగిలింది. లేవలేకపోయాను. పొద్దున గడ్డి వేయడానికే కళ్ళు తిరిగాయి. ఈ పూట అది పస్తే అనుకుంటూ కిటికీ పక్క మంచంలో పడుకున్నాను. సంగతి తెలిసి బాపట్ల నుంచి మా మరిది బయల్దేరి వచ్చాడు. అతను అక్కడ సముద్రం దగ్గర పిల్లలను గుర్రాలెక్కించి తిప్పుతాడు. పొద్దువాలుతుండగా సందులో అతని చెప్పుల చప్పుడు అయింది.

పాకలో గుర్రం సకిలించింది. నాకు సకిలించినట్టే. అదే ఎత్తు, అదే దీర్ఘం, తర్వాత అదే కాలి గీరుడు. అతను పెట్టిన దాణా గబగబా తినేసిన చప్పుడు మంచంలోకి వినబడింది.

"భాబీ! నన్ను గుర్తుపట్టింది చూశారా!" అని లోపలికొచ్చి మురిసిపోయాడు. "నువ్వు దీని ముఖం చూసి ఏడాది దాటింది, గుర్తేంటి నీ మొహం" అన్నాను. పాపం, జ్వరం చిరాకనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం మా మరిది మందులకు వెళ్ళినప్పుడు పక్కింటావిడ గంజి తీసుకుని గేటు తీసింది. ఆవిడకూ సకిలించింది. దెప్పిన ఆవిడ చేతి దాణా కూడా తిన్నది. మంచంలో గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చాను. జ్వరంలో కళ్ళు మండుతున్నాయని ఆవిడతో చెప్పాను.

దానికి నేను కాదు కావలసింది. ఎవరో ఒకరు రావడం. పెళ్ళిళ్ళ రోజుల్లో మా ఇల్లు సత్రంలా ఉండేది. బేరానికి వచ్చేవాళ్ళు, పూలు తెచ్చేవాళ్ళు, బ్యాండువాళ్ళు. ఆ గేటు మూతబడేదే కాదు. అందరూ పోయాక మిగిలిన ఆ ఒక్క చప్పుడూ నాది. అంతే. మందుల కిటికీ దగ్గర నాకు దణ్ణాలు పెట్టినవాళ్ళూ అంతే కాబోలు. దణ్ణం కిటికీకి.

నాలుగో రోజు మా మరిది నసుగుతూ అన్నాడు. "భాబీ, కోప్పడకండి. దీన్ని బాపట్ల తీసుకెళ్తా. పనికి కాదు, నా మీద ఒట్టు. మా ఇంట్లో నలుగురు కొడుకులు, కోడళ్ళు, వచ్చేపోయేవాళ్ళు. రెండు గుర్రాలు సాయంత్రానికి తిరిగొస్తాయి. దానికి తోడుగా ఉంటుంది."

"మీ అన్న వస్తువులన్నీ పట్టుకుపో, నన్నెందుకు వదిలేశావు" అని ఎగిరిపడ్డాను. అన్నానే గానీ, రాత్రంతా ఒకటే ఆలోచన. ఇవాళ జ్వరం, రేపు మోకాళ్ళు. నేను రైలెక్కలేని రోజున మా గేటు తీసే దిక్కెవరు? పక్కింటావిడ ఎన్నాళ్ళు గంజి తెస్తుంది? నామీద ప్రేమ లేదని తెలిశాక దాన్ని ఆకలికి కట్టేసి ఉంచడం ఏం న్యాయం? ఉందనుకున్నప్పుడు మాత్రం ఏం న్యాయం?

జ్వరం తగ్గాక ట్రాలీ ఆటో మాట్లాడాడు. ఎక్కనని మొండికేసింది. నేనే పగ్గం పట్టి, మెడ నిమిరి, ఎక్కించాను. ఇంజను చప్పుడుకు బెదిరి నా భుజం మీద మూతి పెట్టింది. తీసేదాకా కదలలేదు నేను.

నెల పోయాక బాపట్ల వెళ్ళాను. మా మరిది ఇల్లు నిజంగానే సంత. వీధి తలుపు తోయగానే పెరట్లోంచి సకిలింపు. నా ఒళ్ళు జల్లుమంది. దగ్గరికి వెళ్తే నా చేయి వాసన చూసింది. ఒళ్ళు చేసింది, వెంట్రుక మెరుస్తోంది. "చూశారా భాబీ, మిమ్మల్ని మర్చిపోలేదు" అన్నాడు మా మరిది, ఎంతో మంచి మనసుతో.

"అవునయ్యా" అన్నాను.

ఇంతలో వీధి తలుపు మళ్ళీ చప్పుడైంది. మంచినీళ్ళ టిన్ను వేసే మనిషి. అది నా చేతిలోంచి మూతి తీసేసుకుని, అటు తిరిగి, చెవులు నిక్కించి, గొంతెత్తి సకిలించింది. ఆ మనిషి దానికేసి చూడను కూడా చూడలేదు. టిన్ను దించి వెళ్ళిపోయాడు. కడుపు నిండా తింటోంది కదా, అది చాలు అనుకోవాలి నేను. ఎంత ప్రయత్నించినా అనుకోలేకపోయాను. భోజనానికి ఉండమని కోడళ్ళు బతిమాలుతుంటే, పని ఉందని చెప్పి తెనాలి బస్సెక్కాను.