గడ్డకట్టిన చెరువు మీద చీపుర్లు

మొన్న జూలైలో ఒక తెల్లవారుజామున పక్కింటి ఇంగ్లీషు అంకుల్ తలుపు తట్టి, తమ చేపల క్లబ్బు చెరువులో చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయనీ, ఇలాంటప్పుడు తన ఊళ్ళో ఏం చేసేవారో మా ఆయన ఎప్పుడైనా చెప్పారా అనీ అడిగాడు. ఆయన పోయినప్పటి నుంచి నాకు కుదురు లేదు. టీ పెట్టుకుని మరిచిపోతాను, మేడ మీదికి ఎందుకెక్కానో మెట్ల మీదే మరిచిపోతాను. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం నాకు వెంటనే గుర్తొచ్చింది.

మేము ఇంగ్లండులోని స్లౌకి వచ్చిన కొత్తలో, అంటే రెండువేల ఎనిమిది ప్రాంతంలో, ఆదివారాలు ఏం చేయాలో తోచక ఇంట్లో తిరుగుతున్న మా ఆయన్ని ఈ అంకులే తన చేపల క్లబ్బుకి తీసుకెళ్ళాడు. మా ఆయన పుట్టింది భీమవరం దగ్గర చేపల చెరువులున్న ఇంట్లో. ఇక్కడ మాత్రం గాలం వేసి పట్టిన చేపని ఫొటో తీసుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. అది ఆయనకి చాలాకాలం మింగుడుపడలేదు. ఆయన గట్టు మీద కనిపిస్తే చాలు, ముసలివాళ్ళంతా, "దాక్కోండర్రా, ఇతని సంచిలో మసాలా ఉంది," అని చేపల్ని హెచ్చరించేవారు. "ఈ ముళ్ళకి మసాలా దండగ. మా ఊరి పిల్లి కూడా ముట్టదు," అనేవారు ఈయన. "అయితే ఆ పిల్లిని పంపు మేట్, నీకంటే ఎక్కువ చేపలే పడుతుంది," అనేవాడు అంకుల్.

రెండువేల పది డిసెంబరులో చెరువంతా గడ్డకట్టి, దాని మీద మంచు మందంగా పేరుకున్నాక ఆ హాస్యాలు ఆగిపోయాయి. నీళ్ళలో గాలి తగ్గితే చేపలు ఎలా చచ్చిపోతాయో చిన్నప్పుడు చూసిన మనిషి కనుక ఆయనకి నిద్ర పట్టేది కాదు. ఒక ఉదయం షెడ్డులోంచి ఇనుప గునపం తీసుకుని బయల్దేరితే, నేనూ మా అమ్మాయీ ఫ్లాస్కుతో వెనకే వెళ్ళాం. గడ్డ పగలగొడితే గాలి ఆడుతుందని ఆయన నమ్మకం. గునపం ఎత్తగానే అంకుల్ వచ్చి చేయి పట్టుకున్నాడు.

"కొట్టకు మేట్. అవి అడుగున కదలకుండా పడుకుని ఉన్నాయి, ఆ అదురుకే చచ్చిపోతాయి."

మంచు పొర వెలుతురుని ఆపేస్తుందనీ, వెలుతురు లేక అడుగున నాచు గాలి వదలడం మానేస్తుందనీ, చేయాల్సింది గడ్డని పగలగొట్టడం కాదు, మంచుని ఊడ్చడమనీ చెప్పాడు. అలా పెద్దవాళ్ళంతా గట్టు మీదా, చెక్క వంతెన మీదా నిలబడి, పొడుగు కర్రల చీపుర్లతో అందినంత మేర చెరువుని ఊడ్చారు. "అమ్మా, దే ఆర్ స్వీపింగ్ ద లేక్," అని మా అమ్మాయి పగలబడి నవ్వింది.

మంచు కరిగేదాకా ఆయన రోజూ ఆఫీసుకి ముందు అక్కడికి వెళ్ళి చూసొచ్చేవారు. చచ్చినవి ఉంటే గడ్డ కరిగాకే తేలతాయి. కరిగిన రోజు కొన్ని చిన్న చేపలు తేలాయి. కాసేపటికి రెల్లు పక్కన, క్లబ్బులో ప్రతివాడూ ఒకసారైనా పట్టి వదిలిన ముసలి కార్ప్ చేప నెమ్మదిగా కదిలింది. అంకుల్ ముక్కు తుడుచుకుని, "ఇంకో ఏడాది మనల్ని ఆడిస్తుంది," అన్నాడు.

మొన్న నేను అంకుల్‌కి చెప్పిన జవాబు ఇది: మా వైపు వెదురు గడలతో నీళ్ళని కొట్టి చిలుకుతారు, గాలి కలిసేదాకా. వెదురు దొరకలేదు. ఆనాటి చీపురే పట్టుకుని నేనూ వెళ్ళాను. నీళ్ళు పచ్చగా, చిక్కగా ఉన్నాయి. పైనున్న పొలాల్లో వేసిన ఎరువంతా కాలవ గుండా ఇందులోకే దిగుతోందట. పడవలో ఇద్దరు తెడ్లతో, వంతెన మీంచి నేను చీపురుతో, ఎండెక్కేదాకా కొట్టాం. కొన్ని చచ్చి తేలిపోయాయి. చాలావరకు తేరుకుని అడుక్కి దిగాయి. ముసలి కార్ప్ ఎవరికీ కనబడలేదు.

"అప్పుడు అతని చేయి పట్టుకుని ఆపాను. ఇవాళ ఉంటే అతన్నే ముందు నిలబెట్టేవాణ్ణి," అన్నాడు అంకుల్, నా వైపు చూడకుండా.

ఆ చెరువు గట్టిగా గడ్డకట్టి చాలా ఏళ్ళయింది. ఒకప్పుడు చలికి భయపడేవాళ్ళం, ఇప్పుడు ఎండకి భయపడుతున్నాం. గట్టు మీద ఆనాటి వాళ్ళలో ముగ్గురే మిగిలారు. చీపురు భుజాన వేసుకుని వాళ్ళ ముందు నుంచి నడిచి వచ్చాను. ఒక్కరూ మసాలా మాట ఎత్తలేదు. నన్ను చూసి మొహమాటపడ్డారు కాబోలు. ఎత్తితే బాగుండేది.