రోడ్డు మీద కాయలు

దెయ్యాల సంగతులు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ విసుగే. చెప్పే ప్రతివాళ్ళూ మా బావమరిది చూశాడనో, మా మేనత్త చూసిందనో అంటారు. నేను చూశానని ఎవరూ అనరు. దానికితోడు నా ఉద్యోగం కూడా అలాంటిది. ఒక కంపెనీకి ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ప్రోగ్రాం ఎక్కడైనా వింతగా నడిస్తే, ఎందుకలా నడిచిందో తేలేదాకా వదలకూడదు. ప్రతి వింత వెనకా ఒక కారణం ఉంటుందని నమ్మడమే నా పని.

ఇప్పుడు చెప్పబోయే దాంట్లో దెయ్యం లేదు. చీకటి కూడా లేదు. అంతా పట్టపగలే జరిగింది. కానీ కారణం మాత్రం నాకు దొరకలేదు.

మేము అద్దంకిలో ఉంటాం. మా ఆయన ప్రసాద్ ప్రభుత్వ పాఠశాలలో టీచరు. మాతోపాటు మా మావయ్యగారు యోహాను గారు ఉంటారు. ఆయన జీవితమంతా లారీ తోలిన మనిషి. గుంటూరు యార్డు నుంచి మిరపకాయ బస్తాలు ఎత్తుకుని ఎక్కడెక్కడికో తిరిగొచ్చారు. ఒక్క ప్రమాదం కూడా చెయ్యలేదని ఆయనకి గర్వం.

కిందటేడాది ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట పోలేదు. కాలు కొంత తేరుకుంది. ఎడమ చేతికి మాత్రం పట్టు చిక్కలేదు. ఫిజియోథెరపీ చేసే అతను ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నాడు. మావయ్యగారు దాన్ని రెండు రోజులు పిసికి మూలకి విసిరేశారు. "పసిపిల్లోళ్ళ ఆటలు నాచేత ఆడిస్తారేందిరా" అని కొడుకు మీద కేకలేశారు. తర్వాత కేకలు కూడా మానేశారు. కిటికీ పక్కన కూర్చుని వచ్చే పోయే బండ్లు చూస్తూ ఉండేవారు. అన్నం సగం వదిలేసేవారు. మాకు భయం పట్టుకుంది.

నాకు కార్ల రేసు గేమ్ ఆడే అలవాటు ఉంది. టీవీకి తగిలించి, స్టీరింగూ పెడల్సూ పెట్టుకుని మరీ ఆడతాను. మా బంధువులకి ఇది తెలియదు, తెలిస్తే నవ్వుతారు. ఒక మధ్యాహ్నం నేను ఆడుతుంటే వెనక నుంచి మావయ్యగారి గొంతు వినపడింది.

"బ్రేకు లేటుగా కొడతన్నావమ్మాయ్."

నేను లేచి కుర్చీ ఆయనకిచ్చాను. ఆయన కుడి చేత్తో ఎడమ చేతిని పట్టుకుని తెచ్చి, స్టీరింగ్ మీద పెట్టుకున్నారు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో కిటికీ పక్క కుర్చీ ఖాళీ.

కొన్నాళ్ళకి అడిగారు, "ఇందులో లారీ లేదా?" అని. వెతికితే ఒకటుంది. ముక్కు పొడుగ్గా ఉన్న పాతకాలపు లారీ. కానీ దాని ధర చూసి నాకు కళ్ళు తిరిగాయి. అలాంటివి సేకరించుకునేవాళ్ళ కోసం పెట్టిన బండి. రేసుల్లో గెలిచిన డబ్బుతోనే కొనాలి, నిజం డబ్బు పెట్టి కొనే వీల్లేదు. ఆయన ధర విని, "సరే, సంపాదిద్దాం" అన్నారు. పక్షవాతం వచ్చాక ఆయన నోట రేపటి మాట రావడం అదే మొదలు.

సంపాదించడంలోనూ ఒక పద్ధతి ఉంది. పెద్ద రేసుకి పెద్ద బహుమతి వస్తుంది కదా అని అందరూ దాని వెంట పడతారు. కానీ దానికి పట్టే సమయంలో చిన్న రేసు నాలుగైదు సార్లు తిప్పొచ్చు. ఎవరినీ గుద్దకుండా, రోడ్డు దిగకుండా పూర్తి చేస్తే అదనంగా బోనస్ ఉంటుంది. కొత్త కార్లకీ రంగులకీ తగలేయకుండా, చేతిలో ఉన్న ఒక్క కారునే బాగు చేసుకుని, ఒక్క రోడ్డునే కంఠతా పట్టాలి. నేను అన్నీ ఆడి చూసి ఒక రేసు తేల్చాను. పల్లెటూరి రోడ్డు. ఏ దేశమో తెలియదు. ఒక కల్వర్టు, దాని తర్వాత పొడుగాటి తిన్నటి దారి, రెండు పక్కలా పచ్చటి పొలాలు. మొదటి స్థానం వస్తేనే మంచి డబ్బు. మావయ్యగారికి ఆ రోడ్డు తొందరగానే పట్టుబడింది.

ఒక్క చోట తప్ప.

కల్వర్టు దాటగానే ఆయన బ్రేకు కొట్టేవారు. కారుని కుడికి తీసుకుని, నెమ్మదిగా కొంత దూరం పోయి, మళ్ళీ ఎడమకి తెచ్చి వేగం పెంచేవారు. ఈలోపు వెనకవాళ్ళు దాటిపోయేవారు. ప్రతిసారీ అంతే. మూడో స్థానం, నాలుగో స్థానం. ఆ తిన్నటి దారిలో బ్రేకు కొట్టాల్సిన పనే లేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఎందుకు మావయ్యా అక్కడ ఆపుతున్నారు?"

ఆయన నా వంక వింతగా చూశారు. "రోడ్డు మీద కాయలు ఆరబోశారుగా. తొక్కుకుంటా పోతామా?"

మా వైపు కోతల కాలంలో రోడ్డు అంచున మిరపకాయలు ఆరబోయడం మామూలే. కల్లాల్లో చోటు చాలనివాళ్ళు ఒక పక్క రోడ్డంతా ఎర్రగా పరిచేస్తారు. కానీ ఆ గేమ్ తయారుచేసినవాళ్ళు మిరపకాయ చూసి కూడా ఉండరు. నాకు తెరమీద నల్లటి తారు రోడ్డు తప్ప ఇంకేం కనపడలేదు.

ఆ రాత్రి ప్రసాద్‌కి చెప్పాను. తర్వాతి వారం మావయ్యగారిని గుంటూరు తీసుకెళ్ళి నరాల డాక్టరుకి చూపించాం. ఆయన ఓపిగ్గా విన్నారు. మెదడుకి దెబ్బ తగిలినవాళ్ళకి లేనివి కనపడటం ఉంటుందనీ, పాత జ్ఞాపకం ఏదైనా అలా పైకి వస్తూ ఉండొచ్చనీ, ఆట వల్ల చెయ్యి కదులుతోంది కాబట్టి మాన్పించవద్దనీ చెప్పారు. నాకు ఆ మాట సబబుగానే తోచింది. తోచనిదల్లా ఒక్కటే. ఆ కాయలు ఆయనకి వేరే ఏ రోడ్డు మీదా కనపడవు. గేమ్‌లో రోడ్లు బోలెడు. ఇంట్లోనూ వీధిలోనూ కూడా లేనిదేదీ ఆయనకి కనపడలేదు. ఆ ఒక్క చోటే, ఎప్పుడూ అక్కడే.

నా పని పద్ధతిలో నేనూ చూశాను. ఒంటరిగా ఆ రోడ్డు మీదికి వెళ్ళి, కల్వర్టు దగ్గర కారు ఆపి, అన్ని వైపులా తిప్పి చూశాను. ఎండ, వాన, సాయంత్రం, అన్నీ మార్చి చూశాను. నీడ కూడా లేదు. ప్రసాద్‌ని కూర్చోబెట్టి చూపించాను. "నాన్నకి లారీ రోజులు గుర్తొస్తున్నాయిలే, వదిలెయ్" అన్నాడు.

వదిలేశాను. ఇంకో సంగతి మాత్రం జరిగింది. నేను ఆడుతున్నప్పుడు కూడా మావయ్యగారు పక్కన కూర్చుని, కల్వర్టు రాగానే "చూసి పోమ్మాయ్" అనేవారు. వినీ వినీ, ఆ చోటు రాగానే నా కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీద నుంచి లేవడం మొదలుపెట్టింది. దాని వల్ల నాకూ మొదటి స్థానం పోయేది. లారీ ఇంకా దూరమైంది.

మా అమ్మ వాళ్ళది పొదిలి. మార్చి నెలలో ఆవిడకి కంటి ఆపరేషన్ అయింది. ఆదివారం చూసి రావాలనుకున్నాను. ముందు రోజు శనివారం మావయ్యగారు ఆడుతూ కల్వర్టు దాటి, ఈసారి కారుని పూర్తిగా ఆపేశారు. మిగతా కార్లన్నీ రయ్యిన పోయాయి.

"ఏమైంది మావయ్యా?"

"పోవడానికి లేదమ్మాయ్. కాయల్లో ఏందో ఉంది."

"ఏముంది?"

ఆయన తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశారు. "సరిగా కనపట్లా" అన్నారు. రేసు ఓడిపోయినా మళ్ళీ మొదలుపెట్టలేదు. స్టీరింగ్ వదిలేసి లేచిపోయారు. నిజం చెప్పాలంటే నాకు జాలికన్నా చిరాకే ఎక్కువ వచ్చింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నేనొక్కదాన్నే కారులో బయల్దేరాను. మావయ్యగారి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి ప్రసాద్ ఆగిపోయాడు. ఎండ మండిపోతోంది. దర్శి దాటాక రోడ్డు దాదాపు ఖాళీగా ఉంది. పాటలు పెట్టుకుని, అమ్మకి ఏం పథ్యం చెప్పారో అనుకుంటూ నడుపుతున్నాను. వేగంగానే పోతున్నాను.

ముందు ఒక కల్వర్టు వచ్చింది. ఆ దారిలో కల్వర్టులు చాలా ఉన్నాయి. దీన్ని ప్రత్యేకంగా గమనించానని చెప్పను. దాటగానే నా కాలు లేచింది. నేను లేపలేదు, అదే లేచింది. ఎదురుగా ఎడమ పక్క రోడ్డంతా కాయలు ఆరబోసి ఉన్నాయి. అవతలి నుంచి ఒక లారీ వస్తోంది.

అలాంటప్పుడు ఎవరైనా చేసేది ఒక్కటే. ఎడమ చక్రాల్ని కాయల మీదికి ఎక్కించి లారీకి దారి ఇస్తారు. నాలుగు కాయలు నలిగితే నలిగాయి. నేనూ ఎన్నోసార్లు అలా చేశాను. ఆ రోజు మాత్రం చెయ్యలేకపోయాను. కాయల ముందే గట్టిగా బ్రేకు కొట్టి ఆపేశాను. లారీ హారన్ కొట్టుకుంటూ పక్క నుంచి పోయింది.

అది పోయాక చూశాను. నా కారు ముందు, కాయల మధ్యలో, ఒక మట్టిగాజుల చెయ్యి.

ఆవిడ ఎర్రటి చీర కట్టుకుని ఉంది. కాయల్లో కాయల్లా కలిసిపోయింది. ఆ చెయ్యి కనపడేదాకా మనిషని తెలియలేదు. దిగి పట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది, స్పృహ లేదు. నేను అరిచిన అరుపులకి పొలంలో వేపచెట్టు కింద అన్నాలు తింటున్నవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అందులో ఆవిడ భర్త కూడా ఉన్నాడు.

"ఓరి నాయనో! కాయలు తిరగేసి వస్తానందండీ, వస్తందిలే అనుకున్నా" అంటూ తల కొట్టుకున్నాడు.

నీళ్ళు చల్లి, వెనక సీట్లో పడుకోబెట్టి, బండి తిప్పి దర్శిలో ఆసుపత్రికి తీసుకుపోయాం. వడదెబ్బ అన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. సెలైన్ ఎక్కుతుండగా కళ్ళు తెరిచింది. ఆవిడ పేరు సుబ్బులు.

సాయంత్రం కాస్త మాట వచ్చాక నన్ను దగ్గరికి పిలిచింది. "కళ్ళు తిరిగి కూర్చున్నానమ్మా, అంతే గుర్తుంది" అంది. తర్వాత, "కార్లోళ్ళు కాయలు తొక్కుకుంటానే పోతారు. నువ్వెందుకు ఆపావమ్మా?" అని అడిగింది.

"మా మావయ్య చెప్పారు" అన్నాను.

ఆయన కారులో నా పక్కనే ఉన్నారనుకుంది ఆవిడ. "పెద్దాయనకి నా దణ్ణాలు చెప్పు" అంది.

పొదిలి వెళ్ళలేదు. అమ్మకి ఫోన్ చేసి చెప్పి వెనక్కి వచ్చేశాను. ఆసుపత్రి హడావిడిలో ఇంటికి ఫోన్ చెయ్యలేదు. ప్రసాద్ నేను పొదిలిలోనే ఉన్నాననుకుంటున్నాడు. గుమ్మంలోకి వచ్చేసరికి టీవీ ముందు ఇద్దరూ ఉన్నారు. మావయ్యగారు అదే రేసు ఆడుతున్నారు. నేను చెప్పులు విప్పకుండానే నిలబడి చూశాను. కల్వర్టు వచ్చింది. ఆయన బ్రేకు కొట్టలేదు. తిన్నగా, పూర్తి వేగంతో పోయారు. మొదటి స్థానం.

"అప్పుడే వచ్చేశావే? చూడు, నాన్న మధ్యాహ్నం నుంచీ ఒక్కసారి కూడా ఆపలా" అన్నాడు ప్రసాద్ ఉత్సాహంగా. "పొద్దున నువ్వెళ్ళాక ఆడితే ఆగాడు. అన్నం తిన్న దగ్గర్నుంచీ వరసగా గెలుస్తానే ఉన్నాడు."

నేను మావయ్యగారి పక్కన కూర్చున్నాను. "కాయలు ఏమయ్యాయి మావయ్యా?"

"ఎత్తేశారమ్మాయ్" అన్నారు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

అప్పుడు జరిగిందంతా చెప్పాను. ప్రసాద్ అంతా విని, అలవాటు వల్ల కాలు లేచిందనీ, ఈ కాలంలో ఏ రోడ్డు మీద చూసినా కాయలే ఉంటాయనీ, రెండూ కలిసొచ్చాయనీ అన్నాడు. నేనూ చాలా రోజులు అదే చెప్పుకున్నాను. నా కాలు ఎందుకు లేచిందో ఆ మాట చెబుతుంది. శనివారం ఆయన ఎందుకు ఆపేశారో, ఆదివారం మధ్యాహ్నం నుంచి ఎందుకు ఆపలేదో చెప్పదు.

ఆ తర్వాత ఆయనకి అక్కడ కాయలు మళ్ళీ కనపడలేదు. వరసగా గెలవడంతో నెల తిరక్కుండానే లారీ కొన్నాం. డాక్టరుకి చెబితే, మెదడు కోలుకుంటోంది కాబట్టి భ్రమలు పోయాయన్నారు. కావచ్చు. ఇప్పుడు ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుంటున్నారు.

సుబ్బులు దణ్ణాల సంగతి ఆయనకి చెప్పాను. "ఆమె బాగుందా?" అని అడిగారు. బాగుందన్నాను. ధైర్యం చేసి అడిగేశాను, "మీకు ముందే ఎలా తెలిసింది మావయ్యా?" అని.

ఆయనకి కొంచెం కోపం కూడా వచ్చినట్టుంది.

"నాకేం తెలుసమ్మాయ్? ఉంటే ఉన్నాయన్నా. లేకపోతే లేవన్నా. చూసిందేగా చెప్పింది."