సముద్రపు గాలి మీద నేను రాసిన పన్నెండు పేజీలు

వైర్‌లెస్ నెట్‌వర్క్ ఎంత వేగంగా నడుస్తుందో ముందే లెక్కగట్టే ఫార్ములా ఒకటి నా పరిశోధన. కాగితం మీద అది బంగారం. నెట్‌వర్క్‌లో రెండు పరికరాలు ఒకేసారి మాట్లాడితేనే మాట పోతుంది, లేకుంటే పోదని దాని నమ్మకం. మా సారు అది చూసి, గాలి నీకేమైనా చుట్టమా, అదీ మాటలు మింగుతుంది అన్నారు. ఆ నష్టాన్నీ లెక్కలో పెట్టి, నిజంగా కొలిచి, రెండూ కలిశాయని శుక్రవారంలోగా చూపించాలి. లేదంటే థీసిస్ మీద ఆయన సంతకం పడదు, ఇంకో ఏడాది కూర్చోవాలి.

ఇంకో ఏడాదా! అప్పటికే మా వీధిలో కనబడిన ప్రతి అత్తా "ఇంకా చదవతానే ఉండావా?" అని అడుగుతోంది.

సరే, సముద్రం ఒడ్డున వైతికుప్పం పక్కనున్న మా ఇంట్లోనే కొలిచాను. వైఫై పెట్టె కింది అంతస్తులో మా అవ్వ గదిలో, నేను మేడ మీద. పగలంతా బాగుంటుంది. సాయంత్రం ఆరైతే చాలు, వేగం ఢమాల్. తెల్లారితే మళ్లీ మామూలే. వారం రోజులు ఇదే తంతు. నాకు ఎక్కడ లేని తెలివి పుట్టుకొచ్చింది. సాయంత్రం సముద్రపు గాలి, దాంట్లో తేమ, ఆ తేమ వల్లే నష్టం. పన్నెండు పేజీలు రాసి సారుకి పంపేశాను. ఆయన మెచ్చుకున్నారు కూడా.

గురువారం సాయంత్రం కాఫీకని కిందికి దిగాను. అవ్వ వైఫై పెట్టె కొమ్ములు రెండూ మడిచి, దాని మీద ఇడ్లీ పిండి గిన్నె పెట్టి, తువ్వాలు కప్పుతోంది. పెద్ద స్టీలు గిన్నె. మార్గళి నెల చలికి పిండి పొంగడం లేదంట, ఇంట్లో వెచ్చగా ఉండేది ఇదొక్కటేనంట. పది రోజులుగా ఇదే పనంట.

నాకు ఒళ్లు మండిపోయింది. నా చదువు నాశనం చేశావని నోటికొచ్చినట్టు అరిచాను. ఎనభై ఏళ్ల మనిషి అని కూడా చూడలేదు. అవ్వ గిన్నె మీద తువ్వాలు సర్దింది.

"ఏందే, గాలిని లెక్కలో పెడితివి కదా. నా గిన్నెను పెట్టేదానికి ఏమి నొప్పి?"

ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. ఫార్ములాకి నష్టం ఎంతో కావాలి గానీ, అది సముద్రం చేసిందా గిన్నె చేసిందా దానికెందుకు? సిగ్గుతో చచ్చిపోయాను.

ఇక నేను మేడ మీద నుంచి పెట్టమంటే అవ్వ పెట్టింది, తియ్యమంటే తీసింది. ఇరవై సార్లు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. లెక్క గీతా, కొలిచిన గీతా చక్కగా కలిశాయి.

మర్నాడు సారుకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, సముద్రాన్ని కొట్టేసి గిన్నె అని రాయమని చెప్పి, సంతకం పెట్టారు.

ఇంటికొచ్చి తప్పయిపోయిందని చెబుదామని నోరు తెరిచేలోపు అవ్వ ఇడ్లీ ప్లేటు ముందు పెట్టింది. అన్నిసార్లు ఎత్తి దించిన పిండి యాడ పొంగుతుంది? ఒక్కోటీ ఒక్కో రాయి. తను అప్పటికే రెండు తినేసింది.

"సంతకం పడెనా?"

పడిందన్నాను.

"అట్లైతే తిను."

నాలుగు తిన్నాను.