అత్తగారి పతకం కోసం విజయనగరం

ఉదయం అయిదు గంటల యాభై నిమిషాలకు నరసన్నపేటలో శ్రీకాకుళం బస్సు ఎక్కాను. ఒళ్లో గుడ్డసంచి, అందులో ఇడ్లీల డబ్బా, నీళ్ల సీసా, పాత బైబిలు. విజయనగరం దాకా ఒంటరిగా వెళ్లడం నాకదే మొదటిసారి. బస్సు కదిలేముందు కళ్లు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేసుకుంటుంటే కండక్టరు వచ్చి, "నిద్ర తరవాత పోదువు గానీ, ముందు టిక్కెట్టు తీసుకో అప్పా" అన్నాడు. మావైపు అక్కను అప్ప అంటారు. ఆమెన్ అనేసి డబ్బులిచ్చాను.

రాష్ట్రం రెండయిన మరుసటేటి సంగతి ఇది. మా అత్తగారు శాంతమ్మ పుట్టి ఆ ఏటికి నూరేళ్లు. ఆమె మిషన్ ఆసుపత్రిలో మంత్రసాని పని నేర్చుకుని, చుట్టుపక్కల పల్లెలన్నిటికీ నడిచి వెళ్లి పురుళ్లు పోసేవారు. మా సంఘంలోని స్త్రీల సమాజం ఆమె ముఖంతో కంచు పతకం చేయించి, నర్సు చదువు ముగించిన మన పిల్లలకు ఇవ్వాలనుకుంది. విజయనగరంలో ఆదినారాయణ గారనే శిల్పికి పని అప్పగించారు. మట్టి నమూనా అయిపోయింది, రెండు రోజుల్లో అచ్చు తీస్తారు, అంతకుముందే ఇంటివాళ్లలో ఒకరు చూసి వెళ్లాలని ఆయన కబురు పెట్టారు. మావారు మోకాళ్ల నొప్పులతో గడప దాటలేరు. సంఘ పెద్ద ప్రకాశం గారు నాతో, "ఏటుంది, సూసి బాగుందని సెప్పేసి వచ్చేయమ్మా" అన్నారు.

వెళ్లి రావడం పెద్ద పని కాదు. నా బెంగ వేరు. అత్తగారు పోయి ఇరవయ్యేళ్లు దాటింది. గోడ మీది ఫొటోనే రోజూ చూసి చూసి, కళ్లు మూసుకున్నా ఆ ఫొటోయే కనబడుతోంది తప్ప ఆమె కనబడడం లేదు. ఇలాగే ఉండేవారా అని శిల్పి అడిగితే ఏం చెప్పను?

కొత్తగా వెళ్లేవారికొక మాట. శ్రీకాకుళం రోడ్డు అనే రైల్వే స్టేషను శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో దిగి మరో బస్సు పట్టుకోవాలి, అరగంట చేతిలో ఉంచుకోవాలి. నేను ఏడుంబావుకల్లా స్టేషనుకు చేరాను. పలాస నుంచి వచ్చే పాసింజరు ఆలస్యమైంది, ఇడ్లీలు బల్ల మీదే తినేశాను. రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. దేవునికి స్తోత్రం.

పొందూరులో ఒకావిడ నూలు బట్టల మూటతో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది.

"ఎక్కడికెల్తన్నావప్పా?"

"విజయనగరం. పోయిన మా అత్తగారి బొమ్మ చేస్తున్నారు, చూడ్డానికి."

"పోయిన అత్త బొమ్మ సూడ్డానికి ఇంత దూరమా! మా అత్త బతికే ఉన్నాది, పక్కింట్లోనే ఉన్నాది. నాన్సూడను, అది నన్ను సూడదు." పెట్టెలో వాళ్లంతా నవ్వారు. చీపురుపల్లిలో దిగిపోతూ ఆవిడే, "బాగుంటే బాగుందను, లేపోతే లేదను. అత్త కాదు, అత్త బొమ్మే కదా, బయమేటి?" అంది. ఆ మాట సంచిలో వేసుకున్నట్టే అయింది.

తొమ్మిదిన్నరకు విజయనగరం. కోట వెనక వీధికి ఆటోలో పావుగంట. ఆదినారాయణ గారి ఇల్లు వెతుక్కోనక్కర్లేదు. వాకిట్లో నాలుగు సిమెంటు నాయకులు నిలబడి, నలుగురూ నాలుగు దిక్కులకు వేళ్లు చూపిస్తున్నారు. ఆయన భార్య లచ్చమ్మ గారు టీ తెచ్చి, "ఈ ఏలు సూపించేవోళ్లే మాకు కూడు పెడతన్నారమ్మా. పతకాలు ఆయన సరదా" అంది. ఆయనకు అరవై దాటి ఉంటాయి. పొడుగ్గా, సన్నగా, మోచేతుల దాకా మట్టి.

చెక్కపలక మీద అరచేయంత గుండ్రటి మట్టిబిళ్ల. తడిగుడ్డ తీశారు. మా గోడ మీది ఫొటో మట్టిలోంచి నావైపు చూస్తోంది. బాగుందండి అన్న మాట నాలుక మీదికి వచ్చేసింది కూడా. అంతలో నుదుటి మధ్య చిన్న గుంట కనబడింది.

"ఆ మచ్చకే రెండ్రోజులు పట్టిందమ్మా," అన్నారాయన గర్వంగా. "ఫొటోలో తెల్లగా మాసిపోయి ఉన్నాది. ఏటి దెబ్బ తగిలింది? పురుడు పొయ్యడానికెల్తే ఎవులైనా రాయి ఇసిరారేటి?"

నాకు నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు. చెప్పాను. అత్తగారు పోయాక చిన్న ఫొటో ఒకటి స్టూడియోలో ఇచ్చి పెద్దది చేయమన్నాం. ఆ స్టూడియో ఆయన, నుదురు బోసిగా ఉంటే కళ ఉండదని, మంచి మనసుతో కుంకుమబొట్టు దిద్ది, మెడలో హారం కూడా గీసి ఇచ్చాడు. మాది బాప్టిస్టు సంఘం. అత్తగారు జీవితంలో బొట్టుగాని నగగాని పెట్టినవారు కారు. హారాన్ని ఫ్రేము కింద దాచేశాం. బొట్టును మావారు బ్లేడుతో గీకేశారు. ఈయనకు పంపింది దాని నకలే, మిగిలిన తెల్ల మరకే ఆ మచ్చ.

లచ్చమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "బ్లేడు గీతకి రెండ్రోజులు వైద్యం సేశావు మావా!"

ఆయన కూడా నవ్వారు, బొటనవేలితో ఆ గుంట పూడ్చేశారు. తరవాత నా ముఖంలోకి చూసి నెమ్మదిగా అడిగారు. "మచ్చ పోయిందనుకో. మిగతాది ఆవిడేనా?"

బిళ్ల వంక చాలాసేపు చూశాను. ముడతలు లేవు. పెదవులు బుద్ధిగా మూసుకున్నాయి. స్టూడియో దిద్దిన ముఖం అది. పొందూరు ఆవిడ మాట గుర్తొచ్చింది.

"కాదండి."

"మరెలాగుండేవోరు?"

కళ్లు మూసుకుని వెతికాను, ఆ ఫొటోయే కనబడింది. సిగ్గుతో తల దించుకున్నాను. ఆయన కోప్పడలేదు గాని, చేతిలోని పుల్లను తుడుచుకుంటూ అన్నారు. "రేపు అచ్చు తియ్యకపోతే బుడితి కంచరోళ్ల దగ్గిర మన పోత వంతు పోద్ది. ఆళ్లకి కార్తీకం దీపాల పని తగులుకుంటాది. మీ నూరేళ్ల పండగ నాటికి పతకం ఉండదు."

తరవాత ఆయనే పని గురించి చెప్పుకొచ్చారు. పతకం మీద ముక్కు నుంచి చెవి దాకా మొత్తం బియ్యపుగింజ మందంలో ఇమడాలట. ఎదురుముఖంలో ముక్కు మనవైపే పొడుచుకొస్తుంది కాబట్టి దాన్ని నొక్కేయాలి. నొక్కితే మనిషి మారిపోతాడు. "పక్కముఖమైతే ఒక్క గీతలో మనిషి దొరికిపోద్ది. మీవోళ్లు ఎదురు ఫొటోయే ఇచ్చారు, ఏటి సేస్తాను?"

"పక్కనుంచయితే నాకు తెలుసండి," అన్నాను. అన్నాకే నాకు తెలిసింది.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. పెళ్లయి వచ్చాక అత్తగారే అక్షరాలు నేర్పారు. రోజూ దీపం పెట్టాక ఇద్దరం ఒకే చాప మీద, ఒకే బైబిలు మీదికి వంగేవాళ్లం. ఆమె నా కుడిపక్క. అత్తగారి ముఖంలోకి సూటిగా చూసే ధైర్యం ఆ రోజుల్లో ఏ కోడలికుంది? తప్పు చదివానేమోనని ఓరకంటితో ఆమె పెదవినే చూసేదాన్ని. తప్పయితే ఒకటే మాట అనేవారు. "మల్లీ సదువు."

ఆయన నమూనాను పక్కన పెట్టేసి కొత్త మట్టి పరిచారు. నేను సంచిలోంచి ఆ బైబిలే తీసి చాప మీద కూర్చున్నాను. లచ్చమ్మ గారిని నా కుడిపక్కన కూర్చోమన్నాను. "నాకు కొడుకు లేడు, ఒక్క పూటకి కోడలు దొరికింది," అని ఆవిడ దర్జాగా కాళ్లు ముడుచుకుంది. నేను చదవడం మొదలుపెట్టాను. ఓరకంట చూడగానే లోపం తెలిసింది.

"గడ్డం పైకెత్తండి. ఇంకా. ఆమె కళ్లజోడుకి దారం కట్టుకునేవారు, అది జారిపోతే గడ్డం ఎత్తి అద్దాల కింది సగంలోంచి చూసేవారు."

"అలగా? మెడ పట్టేస్తాది కదే కోడలా!"

"కింది పెదవి ముందుకు. నేను మాట చదివేలోపే ఆ పెదవి ముందు కదిలేది."

ఒకటి గుర్తొస్తే ఇంకొకటి గుర్తొచ్చింది. ఎడమవైపు పళ్లు లేక పడిన లొట్ట, చెవి మీదికి ఎప్పుడూ జారే తెల్ల వెంట్రుక, ముక్కు దూలం మీద కళ్లజోడు నొక్కు. నేను చదువుతూ ఉంటే ఆయన తీగతో మట్టి కోస్తూ పోయారు. మధ్యలో అన్నం, ఆనపకాయ పులుసు, ఎండురొయ్యల వేపుడు. ఆ ఇంటి కోసం దేవునికి కృతజ్ఞత చెప్పి తిన్నాను. లచ్చమ్మ గారు కూడా కళ్లు మూసుకుని ఆగింది.

మూడున్నరకు ఆయన కిటికీలు మూసి, టార్చిలైటు పక్కనుంచి పట్టారు. బియ్యపుగింజ మందమున్న ఆ మట్టి మీద నీడలు లేచాయి. నేనొక అడుగు వెనక్కి వేశాను. ఇంకో క్షణంలో మళ్లీ చదువు అంటారనిపించింది.

"ఇప్పుడు?" అన్నారాయన.

తలూపాను. అచ్చుకు అదే సిద్ధం చేస్తానన్నారు.

అయిదుంబావు రైలు. నెల్లిమర్ల దాటుతుండగా ప్రకాశం గారు ఫోన్ చేశారు.

"బాగుందని సెప్పేశావా అమ్మా? ఫొటోలాగే ఉన్నాదా?"

"లేదండి. అత్తగారిలాగ ఉంది."

"అయ్యో! కమిటీ ఆ ఫొటోకే కదా ఒప్పుకున్నాది?"

సంఘ పెద్దకు ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. అయినా చెప్పాను. "ఆ ఫొటో చేయించింది మేమే కదండి, తప్పు మాది. పతకం చేతికొచ్చాక ఆమె చేత పురుడు పోయించుకున్నవాళ్లకు చూపించండి. వాళ్లు కాదంటే నన్నడగండి." ఆయన, "మా అమ్మకే సూపిస్తాను. నేను పుట్టినపుడు నన్ను పట్టింది శాంతమ్మ గారే," అన్నారు.

ఈ ప్రయాణంలో నాకు మిగిలిందేమిటని నరసన్నపేట బస్సులో ఆలోచించాను. గోడ మీది ఫొటోను దించను. అడగకుండానే బొట్టు పెట్టిన ఆ స్టూడియో ఆయన మంచితనం గుర్తుగా ఉండనిస్తాను. అత్తగారు మాత్రం నాకు తిరిగి దొరికారు. ఆమె పోలేదు, ఇన్నాళ్లూ నేనే వేరేవైపు చూశాను. నా పక్కసీటులో ఎవరో కూలిపని ముగించుకుని వస్తున్న ఆవిడ, కునికిపాట్లు పడుతూ నా భుజం మీద తల వాల్చింది. లేపలేదు. ఆవిడ గోళ్లలో ఎండిన మట్టి ఉంది. పక్కనుంచి ఆవిడ నుదురూ ముక్కూ పెదవీ చూసుకుంటూ మా ఊరి దాకా కూర్చున్నాను.