హౌజులో వేసిన తోడు

మొన్న తెల్లాపూర్‌లో మా చెల్లెలి కూతురి కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి వెళ్లినప్పుడు, భోజనాలయ్యాక అందరూ బాల్కనీలో నిలబడి కింద పరుచుకున్న నగరాన్ని చూసి మురిసిపోతుంటే, నేను మాత్రం లిఫ్టు దిగి, కార్లు ఆపుకునే చోటుకన్నా ఇంకా కిందికి, మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు ఎక్కడుందో వెతుక్కుంటూ పోయాను. పట్టుచీర కట్టుకున్న పెద్దావిడకు అక్కడేం పనో అర్థంకాక ఆపరేటరు కంగారుగా లేచి నిలబడ్డాడు. పెద్ద తొట్టిలో గోధుమరంగు నీళ్లు కుతకుతలాడుతున్నాయి. తొలకరికి తడిసిన నేల వాసన వస్తోంది. ప్లాంటు ఆరోగ్యంగా ఉంటే వచ్చే వాసన అది. గృహప్రవేశంలో అగరొత్తుల వాసనకన్నా ఆ వాసనే నాకు ఇంపుగా తోచిందంటే మీరు నవ్వుతారేమో గానీ, అది తగలగానే మా నాయన నా పక్కకు వచ్చి నిలబడినట్టయింది.

తొంభైల చివర్లో మాదాపూర్ ఎలా ఉండేదో మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. గుట్టల మీద గుట్టలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, ఎర్రజెండా ఊపి ఈలవేసి బండలు పేల్చే కూలీలు, పేలగానే ఒక్కసారి ఎగిరే కొంగలు. అక్కడ ఏదో పెద్ద కంప్యూటర్ల నగరం వస్తుందని పేపర్లలో రాసేవారు గానీ, మాకు కనిపించేదల్లా దుమ్మే. కెమికల్ ఇంజినీరింగు చదివి, నీళ్ల శుద్ధి ప్లాంట్లు కట్టే ఒక చిన్న కంపెనీలో చేరిన నాకు, కొత్తగా లేస్తున్న ఒక ఆఫీసు భవనం వెనకాల మురుగునీటి ప్లాంటు నిలబెట్టే పని అప్పగించారు. ఆడపిల్ల, అందులోనూ కడప జిల్లా నుంచి వచ్చిన పిల్ల, లూనా మీద ఆ రాళ్లదారిలో పోతుంటే గేదెలు కూడా తలెత్తి చూసేవి.

అమ్మ పోయిన ఏడాదే నాయన తెలుగు పండితుడిగా రిటైరై, ఒంటరిగా ఉండలేక కొండాపూర్‌లో నేను కిరాయికున్న రెండు గదుల ఇంటికి వచ్చేశాడు. వచ్చిన కొత్తల్లో ఆయన ఒకటే కూర్చోవడం. పేపరు చివరిదాకా చదివి, మళ్లీ మొదటినుంచి చదివేవాడు. బడి లేని మాస్టారు ఇంట్లో ఎంత దిగులుగా ఉంటాడో చూసినవాళ్లకే తెలుసు. ఆయనకేదైనా పని కల్పించాలని, మా ప్లాంటు పదాలకు తెలుగు చెప్పమని అడిగాను. పాలమూరు నుంచి వచ్చిన నలుగురు పనివాళ్లను ఆపరేటర్లుగా తయారుచేయాల్సిన బాధ్యత కూడా నాదే మరి.

ఇంక చూడండి ఆయన ఉత్సాహం! గాలి ఊదడాన్ని వాతపూరణం అన్నాడు. మడ్డి పేరుకోవడం అవసాదనం. సూక్ష్మజీవులతో నిండిన మడ్డి క్రియాశీల పంకం. నీళ్లలోని మురికిని తినడానికి ఆ జీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలతకు జీవరసాయనిక ప్రాణవాయు ఆవశ్యకత అని పేరుపెట్టి, ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఆ పదాలు పట్టుకుని నేను పాఠం మొదలుపెట్టానో లేదో, ఆపరేటర్లలో పెద్దవాడు చేయెత్తాడు.

"మేడం, జర ఆగండి. వాతల పురాణం అంటున్నరు, ఎవరికి పెడ్తరు వాతలు? మాకేనా?"

నవ్వాపుకోలేక నేను పాఠం ఆపేశాను. ఇంటికొచ్చి చెబితే నాయన చిన్నబుచ్చుకుంటాడేమోనని భయపడ్డాను గానీ, ఆయన నాకన్నా ఎక్కువ నవ్వి, మర్నాటి నుంచి తనే సద్దిమూట కట్టుకుని నా లూనా వెనక కూర్చుని సైటుకు రావడం మొదలుపెట్టాడు. వాళ్లతోబాటు బీడీల పొగలో కూర్చుని, దేన్ని ఏమంటారని అడిగేవాడు. తొట్లు కారుతున్నాయేమో చూడటానికి మంచినీళ్లు నింపి గాలి వదిలితే, చల్లటి నీళ్లు ఎసరులా పొంగడం చూసి, తొట్టిని హౌజు అనే వాళ్లు దానికి 'ఉడుకు హౌజు' అని పేరుపెట్టారు. ఆ పేరు విని నాయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

అంతా బాగుందనుకుంటున్నప్పుడే చిక్కొచ్చి పడింది. కంటికి కనపడని జీవులు మురికిని తింటాయని నేను పాఠంలో చెప్పిన మాట టీకొట్టు దాకా పోయి, అక్కడి నుంచి పక్కనున్న ఊళ్లోకి పోయేసరికి, కంపెనీవాళ్లు హౌజులో పురుగులు పెంచి ఊరి కుంటలోకి వదలబోతున్నారన్న మాటగా మారింది. ఒక ఉదయం మేము వెళ్లేసరికి గేటు ముందు జనం. ముందు నిలబడినావిడ ఆ ఊళ్లో పాలు పోసే మనిషి. కుంట పక్కనే ఆమె పశువుల కొట్టం. నడుముకు కొంగు బిగించి, చేతిలో బర్రెలు తోలే కట్టె పట్టుకునే వచ్చింది.

"ఏంది మేడం, పురుగులు పెంచుతున్నరంట? ఆ నీళ్లు తాగి నా బర్లు సస్తే ఎవలు జవాబు చెప్తరు?"

నేను బాక్టీరియా అన్నాను, ఏరోబిక్ అన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. నేను నోరు తెరిచినకొద్దీ వాళ్ల అనుమానం పెరిగింది. పని ఆగిపోతే మా చిన్న కంపెనీ నిలబడదు, నా ఉద్యోగమూ నిలబడదు. అప్పుడు లూనా పక్కన నిలబడ్డ నాయన కండువా సర్దుకుంటూ ముందుకు వచ్చాడు.

"నువ్వు అడిగిందాంట్లో తప్పేం లేదమ్మా. నీ ఎనుముల గురించి నువ్వు గాక ఎవురడుగుతారు? ఒక మాట చెప్పు. పాలు తోడేస్తావు గదా, పొద్దున్నకు గడ్డపెరుగైతుంది. ఆ పని ఎవురు చేస్తాండారు?"

"ఎవలు చేస్తరు? తోడు చేస్తది."

"ఆ తోడులో ఉండేటివీ ఇట్లాంటివే తల్లీ. కంటికి కనపడవు. పెరుగు తిని మనమేమన్నా సచ్చినామా?"

వెనకున్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"పెరుగు ముచ్చట మంచిగుంది సారూ. నీళ్లు మంచిగైతయని నాకు కండ్లతోని సూపియ్యి. సూసినంక మాట్లాడుదం."

చూపిస్తాననేశాను. మర్నాడే కంపెనీ జీపులో ఆమెను, ఇంకో ఇద్దరు ఆడవాళ్లను ఎక్కించుకుని, నగరం అవతల ఒక కాలనీలో అంతకుముందు మేము కట్టిన ప్లాంటుకు బయల్దేరాం. పోయేది పోట్లాట తేల్చుకోవడానికే అయినా, జీపు మాత్రం జాతరకు పోతున్నట్టే ఉంది. ఆమె చెంబులో తెచ్చిన మజ్జిగ అందరికీ పోసింది. 'బర్లు' అనాలా 'ఎనుములు' అనాలా అని నాయనతో దారిపొడుగునా వాదించింది.

అక్కడ ఉడుకు హౌజులోంచి నిలువు గాజుజాడీ నిండా నీళ్లు ముంచి గట్టు మీద పెట్టాను. మొదట బురదలా ఉంది. చూస్తుండగానే మడ్డి మెల్లగా దూదిపింజెల్లా కిందికి దిగసాగింది. అరగంట సేపు ఆమె కన్నార్పకుండా దాని ముందే కూర్చుంది. పైన తేటనీళ్లు నిలిచి, జాడీ అవతల నిలబడ్డ నాయన పంచె అంచు కనిపించాక, జాడీ ఎత్తి వాసన చూసింది.

"వానకు తడిసిన మట్టి వాసనొస్తున్నది," అని మొదటిసారి నవ్వింది.

నవ్విందని వదిలిపెట్టలేదు. ఎంత తేటగా ఉన్నా ఆ నీళ్లు చెట్లకే పోవాలి గానీ కుంటలోకి పోకూడదంది. నిజానికి మా డ్రాయింగులో, వానకాలం ఎక్కువైన నీళ్లు పోయే పైపు కుంట వైపే ఉంది. ఆమె అడిగేదాకా నాకు అది తప్పుగా తోచనేలేదు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా పెద్దసారు, "డ్రాయింగు పాసైపోయిందండీ, ఇప్పుడెలాగండీ?" అని తలపట్టుకున్నారు గానీ, గేటు ముందు మళ్లీ కట్టె కనిపిస్తుందని నేను గుర్తుచేశాక, పైపును తోట వైపు తిప్పించారు.

ప్లాంటు మొదలుపెట్టే రోజున హౌజులో ముందుగా పేడనీళ్లు కలపాలి. ఆ పేడ ఎక్కడినుంచి తేవాలా అని మేము ఆలోచిస్తుంటే, ఆమే బండి కట్టించుకుని వచ్చింది. తోడంటూ వేస్తే తన బర్లదే వెయ్యాలంది. కొబ్బరికాయ కొట్టి, మొదటి గంప తన చేతులతోనే గుమ్మరించింది. ఆపరేటర్లు గాలి వదిలారు. నీళ్లు పొంగాయి. మడ్డి నిలదొక్కుకునేదాకా మా అందరికీ ఒకటే ఆత్రం, పాలు తోడుకున్నాయో లేదోనని గిన్నె మూత పదేపదే తీసి చూసే కొత్త కోడలిలాగా. చివరికి మా జాడీలో కూడా తేటనీళ్లు నిలిచిన రోజున ఆపరేటర్లు నాయనను భుజాలమీదికి ఎత్తేసుకున్నారు. ఆయన పంచె పట్టుకుని కేకలు పెడుతూనే నవ్వుతున్నాడు. అమ్మ పోయాక ఆయన అంత గట్టిగా నవ్వడం నేను వినడం అదే మొదలు.

ఆ తర్వాత రంగుడబ్బా, కుంచె తెప్పించుకుని, బడిలో నల్లబల్లమీద రాసినంత గుండ్రంగా, గోడల మీద తనే రాశాడు: ఉడుకు హౌజు, తేట హౌజు, తోడు మడ్డి. తన పాత జాబితాలోని క్రియాశీల పంకాన్ని తన చేత్తోనే కొట్టేశాడు. పెద్దల పర్యటనలకు ముందువైపు ఇంగ్లీషు బోర్డులుండనీ, లోపల మాత్రం ఇవే ఉంటాయని పెద్దసారుతో ఒప్పందం చేసుకున్నాడు. అక్కడినుంచి నేను కట్టిన ప్రతి ప్లాంటులోనూ, ఓపికున్నన్నాళ్లు, గోడరాతలు ఆయనవే.

ఇప్పుడు ఆ కుంట లేదు, కొట్టమున్న చోట అద్దాల మేడ. ఆమె పిల్లలతో మియాపూర్ వైపు వెళ్లిపోయిందని విన్నాను గానీ, మళ్లీ కలవలేదు. నాయన పోయి చాలా ఏళ్లయింది. ప్లాంట్లు అప్పటికన్నా ఎన్నోరెట్లు మెరుగయ్యాయి, తప్పు జరిగితే యంత్రమే చెబుతోంది, దానికి సంతోషమే. కానీ ఇన్ని వేల ఇళ్లలో కుళాయి కట్టేశాక ఆ నీళ్లు ఎటు పోతున్నాయో, ఎవరి వాకిట్లో తేలుతున్నాయో అడిగే మనిషి నాకు కనబడటం లేదు. అడగాలన్నా గేటు దగ్గర ముందు కార్డు చూపించాలి. ఒక్కోసారి అనిపిస్తుంది, ఎవరైనా కొంగు బిగించి, కట్టె పట్టుకుని, నా ముందుకొచ్చి నిలదీస్తే బాగుండునని. ఇప్పుడైతే బాక్టీరియా, ఏరోబిక్ అంటూ తడబడను. కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, అంతా చెబుతాను.